బియ్యపుగింజంత దూరం

మా మేడ మెట్ల కమ్ములకు రంగు వేస్తున్నారు. మూడు రోజులుగా థిన్నరు వాసన తలుపు సందుల్లోంచి వచ్చి, నేను తెరిచిపెట్టిన పుస్తకం మీద కూర్చుంటోంది. ఇల్లాలు కిటికీలన్నీ తెరిచింది, ఊదుబత్తులు వెలిగించింది, చివరకు విసిగి ఊరుకుంది. ఈ వయసులో వాసనలతో పోట్లాడే ఓపిక నాకూ లేదు. ఎక్కడికి లాగితే అక్కడికి పోతాను. ఈ వాసన నన్ను ఎంతో దూరం లాగలేదు. రెండు వీధుల అవతల, పటమటలోనే, ఒక రేకుల గది గుమ్మం దగ్గర దింపి ఊరుకుంది. ఆ గదిలో పనిచేసిన మనిషి పోయి ఏడాది దాటింది.

ఆయనకు సంతాపసభ జరగలేదు. జరపడానికి ఆయన ఏ సంఘంలోనూ సభ్యులు కారు. నాలుగు మాటలు వ్రాసి ఉంచుదామని నేను అప్పుడే అనుకున్నాను గాని, కలం పట్టిన ప్రతిసారీ చేయి బరువెక్కేది. ఇన్నాళ్ళకు కూర్చున్నాను. ఇందులో ఆయన గొప్పతనాన్ని నిరూపించే ఉద్దేశం నాకు లేదు. ఆయన్ను చూసినది చూసినట్టు చెప్పి, బరువు దించుకోవాలని ఉంది, అంతే.

వీధిలో అందరూ ఆయన్ను సార్జెంటుగారనేవారు. ఆ మాట వినగానే ఆయన నడుస్తున్నవారు ఆగి, "కార్పొరల్ అండి. ఆ పైది రాలేదు" అని దిద్దేవారు. పాలబ్బాయి అన్నా దిద్దేవారు, ఓటరు చీటీలు పంచడానికి వచ్చినవాళ్ళు అన్నా దిద్దేవారు. "పోనీలెండి, గౌరవంగానే అంటున్నారుగా, అననివ్వరాదూ?" అని నేనొకసారి అన్నాను. "రానిది వచ్చిందంటే ఎట్టా మాస్టారూ?" అన్నారు. ఆ మాటలో వినయం ఉందనుకుని నేను చాలాకాలం పొరబడ్డాను.

మైలవరం వైపు పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట పుట్టి, మీసాలు రాకముందే వైమానిక దళంలో చేరి, పదిహేనేళ్ళు యుద్ధవిమానాలకు మరమ్మతులు చేసి వచ్చారు. తరువాత ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసే షెడ్డు పెట్టుకుని జీవితమంతా అక్కడే గడిపారు. ఆయన చరిత్ర ఇంతకు మించి నాకు తెలియదు. తెలిసినవి అలవాట్లు.

ఏ వాహనమైనా సరే, ఎక్కేముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడనిదే ఎక్కేవారు కారు. ముందు చక్రాన్ని అరచేత్తో తట్టి, కుడివైపుగా నడిచి, వెనక వంగి అడుగుభాగం చూసి, మళ్ళీ ముందుకు వచ్చేవారు. విమానం దగ్గర పట్టుబడిన పద్ధతి అది. మేమిద్దరం బందరు రోడ్డులో ఆటో పిలిచినప్పుడల్లా ఈ తతంగం తప్పేది కాదు. ఒక ఆటో కుర్రాడు ఉండబట్టలేక, "తాతగారూ, ప్రదక్షిణాలు అయిపోతే హారతి కూడా ఇచ్చేయండి, పోదాం!" అన్నాడు.

"హారతి తర్వాత ఇద్దాంలేరా, ముందు నీ వెనక టైరులో మేకు దిగింది, అది చూసుకో" అన్నారు ఈయన.

వాడు దిగి చూశాడు. మేకు ఉంది. ఆ రోజు మేము ఇంకొక ఆటో ఎక్కవలసి వచ్చింది. దాని చుట్టూ కూడా ఆయన తిరిగారు.

మా స్నేహం ఒక మరకతో మొదలైంది. మా హాలు పైకప్పున చెమ్మ దిగి, ఫ్యాను పక్కన పెద్ద మచ్చ పడింది. పైవాటా వారిని నేను, నన్ను పైవాటా వారు మాటలనేంత దూరం వ్యవహారం వెళ్ళింది. మేస్త్రీలు మూడుసార్లు ఫ్యాను పక్కనే పగలగొట్టి, మూడుసార్లూ పూడ్చి పోయారు. నాలుగోసారి ఎవరో ఈయన్ను తీసుకువచ్చారు. ఆయన బల్ల అడగలేదు, నిచ్చెన అడగలేదు. చేతులు వెనక్కు కట్టుకుని, మెడ వెనక్కు వాల్చి, చాలాసేపు చూసి, అవతలి గోడ మూల దగ్గరకు నడిచి ఆగారు.

"ఇక్కడ పుట్టిందండి నీరు. మీరంతా మరక చివర చూస్తున్నారు. మొదలు చూడాలి."

ఆ మూల మాకు ఏ తడీ కనబడలేదు. పగలగొట్టించాము. పైవాటా వారి స్నానాల గది గొట్టం సరిగ్గా అక్కడే చిట్లి ఉంది. నేను కృతజ్ఞతతో కాఫీ ఇప్పించి, ఈ విద్య ఎక్కడ అబ్బిందని అడిగాను. ఆయన కప్పు పట్టుకుని కాసేపు పైకి చూసి, "ఒకే ఒక్క మరకను నలభై ఏళ్ళు చూశానండి" అన్నారు.

తరువాతి ఆదివారం తమ రేకుల గదికి తీసుకువెళ్ళి ఆ మరకను చూపించారు.

బల్ల మీద ఒక యుద్ధవిమానం ఉంది. అడుగు పొడవు ఉంటుంది. అసలు విమానానికి నలభై ఎనిమిదో వంతు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్రను తెచ్చి, తొలిచి, వాటర్‌పేపరుతో నున్నగా రుద్ది, సన్నని పుట్టీ పట్టించి, రంగు చిమ్మే గాలిబుర్రతో బూడిదరంగు కొట్టి, రెక్కల మీద పలకల అతుకులను సూదితో గీశారు. ప్లాస్టిక్ ముక్కలు అతికించుకునే పెట్టెలు అంగట్లో దొరుకుతాయట. "అందులో వచ్చేది కంపెనీ విమానమండి. ఇది మాది" అనేవారు. తోకమీద చివరి రెండంకెలను బట్టి దానిని 'ముప్ఫై ఏడు' అని పిలిచేవారు. బొమ్మ అంటే నొచ్చుకునేవారు.

ఆ కొలత ఆయనకు ఒంటబట్టిపోయింది. ఆ లెక్కన మనిషి అంటే బొటనవేలి కణుపంత. మా ఇద్దరినీ ఆ రెక్క మీద కూర్చోబెడితే ఎంతమేర ఆక్రమిస్తామో వేలితో చూపించి నవ్వేవారు.

లారీలకు ఆయన వేసిన రంగులు చూశాను. నెమళ్ళు, తామరలు, పూలసజ్జలు, కళ్ళు చెదిరే ఎరుపులు. ఇంటి దగ్గర మాత్రం ఆయన వేసేది మురికి. కొత్తగా రంగు కొట్టిన ముప్ఫై ఏడును ఎండకు వెలిసినట్టు చేయడానికి రెండు నెలలు పట్టింది. పొగగొట్టం చుట్టూ మసి. రెక్క మీద, తాము ఎక్కి పనిచేసే చోట, బూట్ల రాపిడి. "రంగు ఎవడైనా వేస్తాడు మాస్టారూ. మురికి వెయ్యటం కష్టం. మురికికి ఒక కారణం ఉండాలి" అనేవారు. ఆయన ఇల్లాలు గుమ్మంలోంచి, "లోకంలో మొగుళ్ళందరూ ఇల్లు శుభ్రం చెయ్యటానికి బద్ధకిస్తారన్నయ్యగారూ, ఈయన మసి పుయ్యటానికి ఒళ్ళు హూనం చేసుకుంటారు" అనేది.

ఆ మురికి అంతటికీ కారణం విమానం పొట్టమీద ఉంది. అక్కడ అరచేయి పట్టేంత చిన్న తలుపు ఒకటి. లోపల నూనె గొట్టాల అతుకు. ఒకనాడు ఆ అతుకును బిగించి, తలుపు మూసి, కాగితం మీద సంతకం చేసినది ఈయన. ఆ రోజు ముప్ఫై ఏడు ఎగిరి, పొట్ట అంతా నూనె కారుతూ దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని నూనె కారిందంటే ఒకరి అశ్రద్ధ ఉండాలి గనుక, ఇంజనీరింగు అధికారి టార్చి వేసి చూసి, ఈయన అతుకు వదులుగా ఉందని వ్రాశారు. ఆ ఒక్క వాక్యంతో పైమెట్టు ఆగిపోయింది. పదిహేనేళ్ళు నిండగానే ఈయన వచ్చేశారు.

"మరక ఆ తలుపు దగ్గర మొదలవలేదండి. దానికి జానెడు ముందు మొదలైంది. ఎగిరేటప్పుడు గాలి నూనెను వెనక్కే తోస్తుంది గాని ముందుకు తొయ్యదుగా? వెనకున్న నా తలుపులోంచి కారిన నూనె ముందుకెట్టా పోద్ది? ఆ ముందు అతుకు వేరే అతను బిగించింది. ఆ మాట నోరు తెరిచి చెప్పేలోపల, మర్నాడు పైవాళ్ళు వస్తున్నారని విమానాన్ని కడిగేశారు."

"మరి ఆ అధికారి చూశారన్నారుగా?"

"టార్చి వేశారండి. వంగలేదు. ఆయనకు నడుం నొప్పి. నిలబడి చూస్తే తలుపు దగ్గర తడే కనబడుద్ది. వంగి చూడలేదండి ఆయన."

ఈ చివరి వాక్యం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఉప్పు తక్కువైన కూర గురించి మాట్లాడుతున్నా, మధ్యలో కూర మరచి, "వంగి చూడలేదండి ఆయన" అనేవారు. ఆ అధికారి గురించి ఒక్క పరుషమైన మాట అనగా వినలేదు. మనవాడే, గుంటూరు జిల్లా వాడే, మంచివాడే అనేవారు. ఎప్పటికైనా ఆ మరకను ఆయన కళ్ళముందు పెట్టి, "పొరబాటు పడ్డానోయ్" అనిపించుకుంటే చాలునని ఈయన కోరిక. డబ్బు గాని, పింఛను గాని, మరేదీ కాదు.

జానెడు దూరం నలభై ఎనిమిదో వంతుకు దిగితే ఒక బియ్యపుగింజ. ముప్ఫై ఏడు పొట్టమీద ఆ తలుపు అంచుకూ మరక మొదలుకూ నడుమ ఉన్నది అంతే. ఆయన బల్ల అరలో నిజంగానే ఒక బియ్యపుగింజ, సన్నబియ్యపుది, కొలతకు ఉంచుకున్నారు.

ఒకసారి ఆ వృత్తాంతమంతా నా చేత వ్రాయించుకున్నారు. నేను నాలుగు రోజులు శ్రమపడి, కారణకార్యాలు కుదిర్చి, నాకు వచ్చిన తెలుగంతా పెట్టి వ్రాశాను. ఆయన రెండుసార్లు చదివి, కాగితాలు మడిచి నా చేతికే ఇచ్చారు.

"చాలా బాగుందండి. ఇందులో నూనె కనపట్టం లేదు."

నాకు కోపం రాలేదనను. రెండు రోజులు ఆ వీధి వైపు వెళ్ళలేదు. మూడోనాడు మళ్ళీ చదివి చూసుకుంటే ఆయన మాట నిజమే. ఎంతో న్యాయం ఉంది, నూనె లేదు.

దసరాకు ముందు కబురు తెలిసింది. ఆ అధికారి కూతురిది పటమటలోనే కాపురమట. మనవరాలి పెళ్ళికి హైదరాబాదు నుంచి వచ్చి, పండగ వెళ్ళాక నాలుగు రోజులు ఉంటారట. ఈయన ఫోను చేశారు. అవతలి వారు గుర్తుపట్టి, రమ్మన్నారు. ఆ వారం ఈయన మరక ముగించారు. కుట్టుమిషను నూనెలో దీపపు మసి, పలకపుల్లల పొడి కలిపి, ఒకే వెంట్రుక ఉన్న కుంచెతో వేసి, గుడ్డపేలికతో వెనక్కు లాగారు. పైన వార్నిషు వేయలేదు. వేస్తే మెరుస్తుందట, దుమ్ము పట్టిన నూనె మెరవదట. ఏడు నెలల్లో అది పన్నెండో మరక. పదకొండు వేసి చెరిపేశారు.

అదే సమయానికి ఈయన ఇంట్లో పండగకు గోడలు గీకించి రంగులు పెట్టించారు. దుమ్ము పడుతుందని, ముప్ఫై ఏడును చెక్కపెట్టెలో పెట్టి మా ఇంట దాచమన్నారు. నేను దానిని నా పుస్తకాల బీరువా మీద ఉంచాను.

మహర్నవమి నాడు ఉదయం నేను వరండాలో చదువుకుంటున్నాను. మా ఇంట ఆయుధపూజ అంటే కత్తిపీట, కత్తెర, నా కలాలు, స్కూటరు తాళంచెవి. ఇల్లాలు లోపలినుంచి కేకవేసి అడిగింది.

"ఏమండీ, సార్జెంటుగారి విమానం ఆయుధమేనా?"

నేను తల ఎత్తకుండానే తీర్పు చెప్పాను. "అందులో సందేహమేమిటి? యుద్ధానికి సాధనమైన ప్రతిదీ ఆయుధమే. రథం ఆయుధం కాదూ? అలాగే ఇదీను."

"అయితే పూజలో పెట్టచ్చంటారు."

"నిరభ్యంతరంగా."

జీవితమంతా విద్యార్థులకు పదాల అర్థాలు చెప్పినవాణ్ణి. అడిగిందే తడవుగా అర్థం చెప్పడం అలవాటై, అడుగుతున్నది ఎందుకోనని ఆలోచించడం మానేశాను. లోపల నీళ్ళ చప్పుడు వినబడింది. అది కూడా నన్ను లేపలేదు.

మురికి పట్టిన వస్తువును ఎవరు మాత్రం పూజలో పెడతారు? ఆమె కుంకుళ్ళు నానబెట్టి, రసం తీసి, పాత పళ్ళకుంచెతో పొగగొట్టం మొదలు తోక వరకు ఓపికగా తోమి, మెత్తని పంచె అంచుతో తుడిచింది. నేను వెళ్ళేసరికి ముప్ఫై ఏడు కత్తిపీటకూ నా కలాలకూ మధ్య, ముక్కున గంధం, కుంకుమబొట్టు పెట్టుకుని, తోకమీద బంతిపువ్వుతో నిగనిగలాడుతోంది. "పాపం, ఎంత మసి పట్టిపోయిందో! మగవాళ్ళ దగ్గరుంటే ఇంతే" అంది. నేను దానిని తిరగేసి చూశాను. పొట్ట అంతా చంటిపిల్లల బుగ్గలా శుభ్రంగా ఉంది.

ఆమెకు నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనకు ఫోను చేయడానికీ చేయి రాలేదు. మరునాడు మధ్యాహ్నం ఆయనే వచ్చారు. నా కన్న ముందు ఆమె ఎదురువెళ్ళింది.

"అన్నయ్యగారూ, మీ విమానాన్ని ఎలా చేశానో చూడండి!"

ఆయన పెట్టె మూత జరిపి, విమానాన్ని తీసి, కిటికీ వెలుగులో తిరగేసి పట్టుకున్నారు. అలా ఎంతసేపు చూశారో చెప్పలేను. నేను గోడ క్యాలెండరు చూస్తున్నాను.

"కుంకుడు రసమా అమ్మా?"

"అవునన్నయ్యగారూ. సబ్బయితే రంగు పోతుందేమోనని."

"మంచి పని చేశారు. రంగేం పోలేదు" అన్నారు.

మెట్ల దగ్గర నేను ఆయన చేయి పట్టుకుని, తప్పు నాదని, ఆయుధమని చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. ఆయన నా వైపు జాలిగా చూశారు. "అప్పుడూ ఇంతేనండి. కడిగినాక చాలా బాగుండింది" అని దిగిపోయారు.

అధికారిని కలవడానికి రెండు రోజుల వ్యవధి ఉంది. మరక మళ్ళీ వేయవచ్చుననే ఆశతో మరునాడు పొద్దున్నే రేకుల గదికి వెళ్ళాను. నూనె, మసి కలిపి సిద్ధంగా ఉన్నాయి. ఆయన కుంచెను పొట్టకు వెంట్రుకవాసి ఎత్తున పట్టుకుని కూర్చుని ఉన్నారు. అది కిందికి దిగడం లేదు.

"చెయ్యి వణుకుతోందా?"

"వణికితే బాగుండేదండి. ఎక్కడ పెట్టాలో తెలీటంలేదు." కుంచె పక్కన పెట్టారు. "ఇన్నిసార్లు వేసి చెరిపాను గదా, ఇప్పుడు గుర్తొచ్చేది నేను వేసిన మరక మాస్టారూ. విమానం మీదది రావట్లేదు. పొద్దుట్నించీ చూస్తున్నా. తలుపు దగ్గరే మొదలైందేమో అనిపిస్తోంది."

ఆయన ఇల్లాలు గుమ్మంలో చేట పట్టుకుని నిలబడి ఉంది. "నలభై ఏళ్ళు నా చెవిన పోశారు. ఇప్పుడు తెలీదంటారేంటి?"

"తెలీకపోతే తెలీదనేగా అనాలి?"

"అంటే, మీ అతుకే ఊడిందేమోనంటారా?"

ఆయన బల్ల అర లాగి, బియ్యపుగింజ తీసి, తలుపు అంచున ఆనించి చూసి, మళ్ళీ అరలో పెట్టేశారు. కొలత కొలతే గాని, అది సాక్ష్యం చెప్పదు కదా. ఆ ముఖం చూశాక నాకు అర్థమైంది. అధికారి ఏమంటారన్నది కాదు, తాను నలభై ఏళ్ళు నమ్మినది నిజమో కాదో ఆయనకే తెలియకుండా పోయింది. దానికి కారణం నా నోట వచ్చిన ఒక్క మాట.

"కడిగిందే తీసుకెళదామండి. ఆయన్నే అడుగుతాను" అన్నారు చివరకు.

మేము వెళ్ళింది ఆ మరునాడు, సాయంత్రం నాలుగింటికి. పెళ్ళివారింటి ముందు షామియానా విప్పుతున్నారు. అధికారి హాలులో, చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం తగ్గలేదు.

"రావోయ్ సార్జెంటూ! ఎన్నాళ్ళకోయ్!"

"కార్పొరల్ అండి."

"అదేమిటి, తర్వాతైనా రాలేదూ?"

"రాలేదండి."

అధికారి ముఖం అటు తిప్పి, టీ తెమ్మని లోపలికి చెప్పారు. నన్ను పరిచయం చేసుకున్నారు. పెళ్ళి భోజనాల ముచ్చట కొంత నడిచింది. తరువాత ఈయన పెట్టె తెరిచారు.

"అరెరె, ముప్ఫై ఏడు!" అధికారి రెండు చేతులా అందుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, పసివాడిలా నవ్వారు. "ఎంత బాగా చేశావోయ్! ఈ బొట్టేమిటి?"

"ఆయుధపూజ చేశారండి, మాస్టారింట్లో."

"భేష్. మనం ఎంత తోమినా అది ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు."

ఈయన ముందుకు వంగి, విమానాన్ని ఆ చేతుల్లోనే మెల్లగా తిరగేశారు. "సార్, ఆ రోజు మీరు టార్చి వేశారు గదా. నూనె ఎక్కడ మొదలైందో కాస్త చూపించండి. నాకు మర్చిపోయిందండి."

ఇది ఆయన పన్నిన ఉపాయమని ఎవరైనా అనుకోవచ్చు. ఉపాయాలు తెలిసిన మనిషి కారు. నిజంగానే అడిగారు, మందుల దుకాణంలో చీటీ చూపించి అడిగినట్టు.

అధికారి బొటనవేలు వెతుక్కోలేదు. నేరుగా వెళ్ళి, తలుపు మీదుగా జరిగి, దానికి ముందు ఒక చోట ఆగి, గోరు దిగేలా నొక్కింది. "ఇదుగో, ఇక్కడ" అన్నారు.

అన్న తరువాత తెలిసింది ఆయనకు, తానేమి చూపించారో. గోరు తీయలేదు. పక్కగదిలో ఆడవాళ్ళు పెళ్ళి చీరల లెక్క చూసుకుంటూ నవ్వుతున్నారు. టీ వచ్చింది, ఎవరూ తీసుకోలేదు.

"వంగి చూశానోయ్" అన్నారు అధికారి, గొంతు దించి. "నీకన్న ముందే చూశాను. ఆ ముందు అతుకు బిగించినవాడికి ముగ్గురు పిల్లలు, నాలుగోది కడుపులో. అతనికి అంతకుముందే రెండు మచ్చలున్నాయి, ఇది మూడోదైతే ఇంటికి పంపేవాళ్ళు. నీకింకా పెళ్ళి కాలేదు. పైవాళ్ళు వచ్చేలోపల ఎవరో ఒకరి మీద రాయాలి. కడిగించింది నేనే. నువ్వు మనవాడివి గదా, సర్దుకుంటావనుకున్నా" అన్నారు.

"సర్దుకున్నానండి" అన్నారు ఈయన.

ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని నేను వెతికాను. లేదు. అడిగినదానికి సమాధానం, అంతే.

"ఇప్పటికైనా కాగితం రాసివ్వమంటావా? జరిగింది ఇదీ అని?"

"ఎవరికండి?"

ఈయన విమానాన్ని అందుకుని, పెట్టెలో పెట్టి, మూత జరిపి, చల్లారిన టీ తాగి, లేచి నమస్కారం పెట్టారు. అధికారి కూడా కర్ర ఆనుకుని లేవబోయారు. ఈయన వద్దని, భుజం పట్టి కూర్చోబెట్టారు.

తిరిగి నడిచే వస్తున్నాము. నాలో ఏదో గెలిచినట్టు ఉత్సాహం. నా తప్పు మాఫీ అయినట్టు, నా ఇల్లాలు కడగబట్టే నిజం బయటపడినట్టు ఏమేమో అన్నాను. ఆయన మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మూత జరిపి, పొట్టమీద గోటి నొక్కు ఉన్న చోట వేలు పెట్టి చూసుకున్నారు. పొణికి కర్ర మెత్తన; రంగు కింద బాగానే దిగింది. తలుపు అంచుకు దానికి మధ్య బియ్యపుగింజంతే.

"మీరన్నదే నిజమైందిగా!" అన్నాను.

"అయిందండి." మూత మూశారు. "నడుం నొప్పి మనిషి, వంగలేకపోయాడులే అని ఇన్నాళ్ళూ ఆయన తరఫున నేనే సర్దిచెప్పుకున్నాను మాస్టారూ. ఎప్పటికైనా చూపిస్తే తెలుస్తుందిలే అని. ఆయనకు తెలుసంట. ఇంక చూపించే పని లేదు గదా."

తరువాత ఆయన పదమూడు నెలలు బ్రతికారు. రేకుల గదికి తాళం పడింది. మరక మళ్ళీ వేయలేదు, ఆ నొక్కును పుట్టీతో పూడ్చనూ లేదు. నేను వెళితే మాట్లాడేవారు. కూరల ధరలు, మోకాళ్ళ నొప్పులు, వాన. ఆ అధికారి మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒక పని కోసం నిలబడిన మనిషి ఆ పని తీరాక ఎంత త్వరగా ముసలివాడవుతాడో ఆ పదమూడు నెలల్లో చూశాను. అది నాకు తెలియకుండా ఉన్నా బాగుండేది.

కాని ఇప్పుడు వ్రాస్తుంటే ఆ చివరి నెలల కంటే, ఆ సాయంత్రం ఇల్లు చేరిన ఘట్టమే ఎక్కువగా కళ్ళకు కడుతోంది. ఆయన ఇల్లాలు గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. మమ్మల్ని చూసి రెండడుగులు ముందుకు వచ్చింది.

"ఏమన్నాడు? ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు. అన్నం పెట్టు."

"మరైతే ఆ మొహం అట్టా ఉందేంటి? అన్నయ్యగారూ, ఏం జరిగిందండీ?"

నేను జరిగినది చెప్పాను. చెప్పడం నాకు వచ్చిన పని గనుక, అక్కడ కూడా నేనే చెప్పాను. ఆమె మధ్యలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆ ముగ్గురు పిల్లలోడు తర్వాతైనా ఒక్క ముక్క చెప్పలేదా ఈయనతో?" అంది. ఆయన అప్పటికి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, లోపల పీట వేసుకుని కూర్చున్నారు. ఆమె విసవిసా వెళ్ళి కంచం పెట్టి, అన్నం వడ్డించి, మళ్ళీ అదే ప్రశ్న ఆయన్ను అడిగింది. ఆయన ముద్ద కలుపుతూ తల ఎత్తారు.

"నాలుగోది కడుపులో ఉందన్నాడు గదా. ఆ బిడ్డకు ఇప్పుడు నలభై దాటుంటయ్యి" అన్నారు.

ఆమె మజ్జిగ పోసింది.